ముసలి గినీ పిగ్ తిండి తగ్గించినప్పుడు: ఆక్స్‌బో క్రిటికల్ కేర్ పొడి ఎంతవరకు ఆదుకుంటుంది

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం వైపు ఇంట్లో నాలుగేళ్లు దాటిన గినీ పిగ్ ఉంటే, అది శుభ్రంగా తింటున్న రోజుల్లోనే క్రిటికల్ కేర్ ప్యాకెట్ ఒకటి తెప్పించి దాచుకోవాలి. తిండి మానేశాక ఆర్డర్ పెడితే కొరియర్ వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఈ జంతువు పొట్ట ఒక్క పూట ఖాళీగా ఉన్నా ఇబ్బందే. పన్నెండు గంటలు ఏమీ ముట్టలేదంటే చేతితో తినిపించడం మొదలుపెట్టాలి, ఇరవై నాలుగు గంటలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. పొడి మంచిదే, ఐదుకి నాలుగు మార్కులు ధైర్యంగా ఇవ్వొచ్చు. మిగిలిన ఒక్క మార్కు ఎక్కడ పోయిందో, ఈ పొడి చెయ్యలేని పని ఏమిటో కూడా చెప్పాలి. ముసలి గినీ పిగ్‌ల విషయంలో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

తయారుచేసేది అమెరికాలోని ఆక్స్‌బో యానిమల్ హెల్త్ అనే సంస్థ. కుందేలు, గినీ పిగ్, చించిల్లా లాంటి గడ్డి తినే చిన్న జంతువులు జబ్బుపడి తినలేనప్పుడు సిరంజితో పట్టడానికి చేసిన ఆహారం ఇది. ఇందులో ప్రధానంగా ఉండేది తిమోతి గడ్డి పొడి. పీచు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ, విటమిన్ సి కలిపే ఉంటుంది. గినీ పిగ్‌కి మనలాగే ఒంట్లో విటమిన్ సి తయారుకాదు, రోజూ తిండిలో అందాల్సిందే. ఇక పీచు ఎందుకంటే, దాని పేగుల్ని కదిలించేది అదే. పీచు లోపలికి పోకపోతే పేగు మందగిస్తుంది, గ్యాస్ చేరుతుంది, గ్యాస్ వల్ల నొప్పి, నొప్పి వల్ల ఇంకా తినదు. ఈలోగా ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. అందుకే "రేపటికి అదే తింటుందిలే" అని వదిలెయ్యకూడదు.

మన వైపు ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది చోడి అంబలి. మనుషులకి నీరసమొస్తే అదే పడతాం కాబట్టి గినీ పిగ్‌కీ సిరంజితో అదే పట్టేస్తారు. వద్దు. చోళ్లలో పిండిపదార్థం ఎక్కువ, పీచు చాలదు. పేగులో పులిసి గ్యాస్ పెంచుతుంది. పైగా చోళ్లలో కాల్షియం చాలా ఎక్కువ, వయసు మళ్లిన గినీ పిగ్‌లకి మూత్రాశయంలో రాళ్లు రావడం మామూలే. పాలపొడి కలిసిన పసిపిల్లల ఆహారం, బిస్కెట్ నానబెట్టిన పాలు, పెరుగన్నం, గంజి కూడా ఇంతే. కడుపు నిండినట్టు కనిపిస్తుంది గానీ పేగు కదలదు. ఈ పొడికి డబ్బు పెట్టేది అందులోని గడ్డి పీచు కోసమే.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. ఇది రెండు రకాల మెత్తదనంలో వస్తుంది. మామూలు రకం, ఫైన్ గ్రైండ్ రకం. మామూలు రకంలో పీచు ముక్కలు కాస్త పొడుగ్గా ఉంటాయి, పేగుకి అది మేలు. కానీ మన మందుల షాపుల్లో దొరికే 1, 2, 5 మి.లీ. సిరంజిల ముక్కు సన్నం, అందులో ఈ పీచు అడ్డుపడుతుంది. నొక్కినా రాదు, ఇంకాస్త గట్టిగా నొక్కితే ఒక్కసారిగా మూడు మి.లీ. నోట్లోకి చిమ్ముతుంది. ఊపిరితిత్తుల్లోకి తిండి పోవడానికి పెద్ద కారణం ఇదే. ఫైన్ గ్రైండ్ ముక్కులోంచి వేసే గొట్టాల కోసం, సన్న సిరంజిల కోసం చేసినది కాబట్టి అడ్డుపడదు. మొదటిసారి తినిపించేవాళ్లు ఫైన్ గ్రైండ్ తీసుకుంటే చెయ్యి వణకదు. చెయ్యి అలవాటైనవాళ్లకి మామూలు రకమే మేలు.

మామూలు రకం తీసుకుంటే సిరంజిని సరిచేసుకోవాలి. 1 మి.లీ. సిరంజి, అంటే సన్నగా పొడుగ్గా ఉండేది, సూది తీసి పారేసి, ముక్కు దగ్గర గొట్టం పూర్తి వెడల్పుకి వచ్చే చోట పదునైన బ్లేడుతో అడ్డంగా కోసెయ్యాలి. కోసిన అంచు గరుకుగా ఉంటుంది. గోళ్లు రుద్దే ఆకురాయితోనో సన్న గరుకు కాగితంతోనో గుండ్రంగా అయ్యేదాకా రుద్ది, వేలితో నాలుగు వైపులా తడిమి చూడాలి. వేలికి గుచ్చుకుంటే దాని చిగురుకీ గుచ్చుకుంటుంది. పిస్టన్ చివరి రబ్బరు నాలుగైదు రోజుల కడుగుళ్లకి బిరుసెక్కి పట్టి పట్టి కదులుతుంది. అప్పుడు సిరంజి మార్చెయ్యాలి, ఆ కుదుపుకే ఎక్కువ తిండి లోపలికి పోతుంది. ఒక అరడజను సిరంజిలు ఒకేసారి కొని కోసి పెట్టుకోవడం సుఖం. మందుల షాపులో రైల్స్ ట్యూబు (రోగికి ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) కోసం అమ్మే పెద్ద ఫీడింగ్ సిరంజి కూడా ఒకటి తీసుకోండి. కలిపిన ముద్దని అందులోకి లాగి, దానితో చిన్న సిరంజిల్ని వెనకవైపు నుంచి నింపుకుంటే గాలి బుడగలు ఉండవు.

ఎంత ఇవ్వాలి? కిలో బరువుకి రోజుకి మూడు పెద్ద చెంచాల పొడి, బరువులో సుమారు 24 గ్రాములు, దానికి రెండింతల గోరువెచ్చని నీళ్లు అని లెక్క. 900 గ్రాముల గినీ పిగ్‌కి రోజుకి దాదాపు 22 గ్రాముల పొడి. కలిపాక ఎనభై మి.లీ.కి కాస్త అటూ ఇటూ అవుతుంది. దాన్ని ఐదారు పూటలుగా పంచితే పూటకి పదిహేను మి.లీ. చొప్పున పడుతుంది. ఒక్క మి.లీ. సిరంజితో పదిహేను సార్లు. ఒక పూటకి ఇరవై నిమిషాలు పోతాయని ముందే అనుకుని కూర్చోవాలి. తొందరున్న మనిషి ఈ పని చెయ్యకూడదు, ఇంకొకరికి అప్పగించాలి. మొదటి రోజు సగమే ఇచ్చి, లెండెలు (పెంటికలు) పడుతున్నాయని చూశాక రెండో రోజుకి పూర్తి మోతాదుకి రావడం మంచిది. చాలాసేపు ఖాళీగా ఉన్న పేగులో ఒకేసారి నింపితే గ్యాస్ కడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఒక పూట, తెల్లవారగానే ఒక పూట తప్పక ఉండాలి. మధ్యలో ఆరేడు గంటలకి మించి ఖాళీ రాకూడదు.

ఇదంతా పూర్తిగా తిండి మానేసిన జంతువుకి. ముసలివాటిలో ఎక్కువగా కనిపించేది సగం తినడం. అలాంటప్పుడు రోజుకి రెండు మూడు పూటలు, పూటకి ఎనిమిది పది మి.లీ. చాలు. ఎంతివ్వాలో చెప్పేది తూకమే. ఒక గ్రాము తేడా చూపే, ఐదు కిలోల దాకా మోసే వంటింటి డిజిటల్ తూకం కొనాలి. ఈ పొడి కంటే ముందు కొనాల్సిన వస్తువు ఇది. దాని మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, సున్నా చేసి, లోపల ఒక గరిక పోచ వేస్తే గినీ పిగ్ కదలకుండా నిలబడుతుంది. మామూలు రోజుల్లో వారానికోసారి, తిండి తగ్గినప్పుడు రోజూ పొద్దున్నే మొదటి పూటకి ముందు తూచి గోడ మీద కాగితంలో రాసుకోవాలి. వారంలో 50 గ్రాములు తగ్గితే అనుమానించాలి. 100 తగ్గితే ఆ రోజే డాక్టరు దగ్గరికి బయలుదేరాలి. బొచ్చు గుబురుగా ఉంటుంది కాబట్టి కంటికి బరువు తేడా తెలియదు. వెన్ను ఎముక చేతికి తగిలే సమయానికి చాలా పోయి ఉంటుంది.

కలపడంలో తప్పు జరిగేది నీళ్ల దగ్గరే. పొడి మీద నీళ్లు పోసిన వెంటనే పల్చగా కనిపిస్తుంది, సరిపోయిందనుకుని సిరంజిలోకి తీస్తాం. రెండు మూడు నిమిషాల్లో పీచు నీళ్లు పీల్చుకుని బిగుసుకుంటుంది. కలిపి మూడు నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో తిప్పి, కావాలంటే ఇంకో చెంచా నీళ్లు పోయాలి. గరిటె జారుగా ఉన్న దోసె పిండిలా రావాలి. నీళ్లు మణికట్టు మీద పోసుకుంటే వెచ్చగా తెలియాలి గానీ కాలకూడదు. మరీ వేడి నీళ్లకి విటమిన్ సి పోతుంది, నోరూ కాలుతుంది. కలిపింది ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులోపు వాడొచ్చు, కానీ ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లలో ఏ పూటకాపూట కలుపుకోవడమే భద్రం. బయట రెండు గంటలున్న ముద్ద పారెయ్యండి.

తినిపించే తీరు కాస్త వివరంగా చెప్పాలి. బల్ల మీద మడత పెట్టిన టవలు పరిచి, దాని మీద నాలుగు కాళ్లూ ఆనేలా కూర్చోబెట్టి, ఆ టవల్నే రెండు వైపుల నుంచి పైకి తెచ్చి మెడ దాకా చుట్టాలి. ముందుకాళ్లు లోపలే ఉండాలి, లేకపోతే సిరంజిని తోసేస్తుంది. వెనుక భాగం మీ పొట్టకి ఆనేలా ఉంటే వెనక్కి జరగలేదు. వెల్లకిలా పడుకోబెట్టి పోయడం ఎప్పుడూ వద్దు. ఎడమచేత్తో గడ్డం కింద ఆసరా ఇచ్చి, సిరంజిని ముందు పళ్ల వెనక ఉండే ఖాళీలోంచి, పక్క నుంచి, నోటికి అడ్డంగా పెట్టాలి. ముందు నుంచి నేరుగా గొంతు వైపు గురిపెట్టకూడదు. సగం మి.లీ. వదిలి ఆగాలి. దవడ కదిలి, నమిలి, గుటక వేసినట్టు తెలిశాకే ఇంకో సగం. నోరు ఆడించకపోతే చెంప మీద వేలితో మెల్లగా రుద్దితే నమలడం మొదలుపెడుతుంది. గినీ పిగ్ నోటి వెనక భాగంలో గొంతుకి పోయే దారి చాలా ఇరుకు. ఒకేసారి పోసింది అక్కడ నిలిచి ఊపిరిదారిలోకి జారుతుంది. తుమ్మినా, ముక్కులోంచి పచ్చటి తడి వచ్చినా వెంటనే ఆపి తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుని శాంతించేదాకా ఆగాలి. అయ్యాక 1 మి.లీ. మంచినీళ్లు పట్టి, గడ్డం కిందా మెడ దగ్గరా తడిగుడ్డతో తుడవాలి. అక్కడ ఎండిన ముద్ద చర్మాన్ని ఒరిపి పుండు చేస్తుంది, వేసవిలో ఈగలు వాలతాయి.

రుచి సంగతి. సోంపు వాసన వేసే ఆనిస్ రకం, యాపిల్ అరటిపండు రకం ఉన్నాయి. చాలా గినీ పిగ్‌లు ఆనిస్‌ని ఇష్టంగానే తీసుకుంటాయి. కొన్ని మొదటి రెండు పూటలు మూతి తిప్పేస్తాయి. అప్పుడు కొత్తిమీర కాడలు నలిపి పిండిన రసం ఒక చెంచా, లేదా చప్పగా ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు అర చెంచా కలిపితే ఒప్పుకుంటాయి. పండ్లరసం, తేనె, పంచదార కలపొద్దు.

ఇక ఈ పొడి చెయ్యలేని పని. పొట్టలోకి ఆహారం చేర్చడం వరకే దీని పని. తిండి ఎందుకు తగ్గిందో దీనికి సంబంధం లేదు. "సిరంజితో పడుతున్నాం, బరువు నిలబడింది" అని వారాల తరబడి గడిపేస్తే లోపలి జబ్బు ముదురుతుంది. ఆకలి లేకపోవడం, తినలేకపోవడం రెండూ వేరు. గిన్నె దగ్గరికి ఉత్సాహంగా వచ్చి, కీరా ముక్క నోట్లో పెట్టుకుని, ఒకవైపే నమిలి, జారవిడిచి, మళ్లీ అందుకుంటూ ఉంటే అది ఆకలితోనే ఉంది. పళ్లలో తేడా ఉంది. గడ్డం తడిగా ఉండటం, ముందు గడ్డి మానేసి మెత్తటివే ఏరుకోవడం కూడా పళ్ల గుర్తులే. గినీ పిగ్‌కి 20 పళ్లు, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కంటికి కనిపించేవి ముందున్న నాలుగే. లోపలి దవడ పళ్లు అరగక పెరిగితే కింది వరుసవి నాలుక మీదికి వంగి దాన్ని కదలనివ్వవు. అవి చూడాలంటే మత్తిచ్చి లైటు గొట్టంతో చూడాలి, వేర్లు తెలియాలంటే తలకి ఎక్స్‌రే తియ్యాలి. నోరు తెరిచి ముందు పళ్లు చూసి "బాగానే ఉన్నాయి" అంటే ఆ పరీక్ష అవ్వనట్టే.

ఈ పొడితో ఇంకో చిక్కుంది. మెత్తటి ముద్దకి పళ్లు అరగవు. సిరంజి మీదే నెలలు నడిస్తే, మొదట్లో లేని పళ్ల జబ్బు కొత్తగా మొదలవుతుంది. అందుకే సిరంజి పడుతున్నన్ని రోజులూ గడ్డి ఎదురుగా ఉండాల్సిందే, తిన్నా తినకపోయినా.

గిన్నె వైపే చూడకుండా, ఒక మూల బొచ్చు నిక్కించుకుని కళ్లు సగం మూసి కూర్చుంటే అది వేరే. నొప్పి, పేగు మందగించడం, మూత్రంలో రాయి, ఆడవాటిలో అండాశయపు తిత్తులు, గుండె, ఏదైనా కావచ్చు. మూత్రం పోసేటప్పుడు కీచుమంటుందా, మూత్రంలో రక్తం ఉందా, రెండు పక్కలా బొచ్చు రాలుతోందా, లెండెలు చిన్నవై ఒక కొస తేలి ఉన్నాయా అని చూసి డాక్టరుకి చెప్పాలి. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయి, ముట్టుకుంటే పళ్లు కొరుకుతుంటే మాత్రం సిరంజి పక్కన పెట్టెయ్యాలి. గ్యాస్‌తో నిండిన పొట్టలోకి తిండి తోస్తే ప్రాణం పోతుంది. అప్పుడు ముందు డాక్టరు, తర్వాతే పొడి.

కొన్నిసార్లు కారణం ఇంకా చిన్నది. కీళ్లవాతం వచ్చిన ముసలి గినీ పిగ్ పైకెత్తి కట్టిన గడ్డి బుట్టకి మెడ చాచలేదు, నీళ్ల సీసా గొట్టం అందదు. గడ్డి నేల మీద పరిచి, నీళ్లు లోతులేని బరువైన గిన్నెలో పెట్టి, నున్నటి గచ్చు మీద జారకుండా పాత దుప్పటి పరిస్తే రెండు రోజుల్లో తిండి పెరిగేవి ఉన్నాయి. గోనెసంచి వెయ్యకండి, పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. కళ్లు తెల్లబడినదైతే గిన్నె చోటు మార్చకూడదు.

వేడి సంగతీ మరవొద్దు. గినీ పిగ్‌కి 18 నుంచి 24 డిగ్రీలు సుఖం. 30 దాటితే తిండి తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే వడదెబ్బే. కోరాపుట్ కొండ మీద అంత బాధ ఉండదు గానీ రాయగడ, గుణుపూర్‌లలో మే నెల మధ్యాహ్నం మామూలు గదిలో వేడి దానికి మించిపోతుంది. గడ్డకట్టించిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, తిండి తెల్లవారుజామున, రాత్రి పెట్టి చూడాలి. చల్లబడ్డాక తింటే కారణం ఎండ. అప్పుడూ తినకపోతే ఒంట్లోనే ఉంది.

డాక్టరు విషయంలో మన జిల్లాల్లో జాగ్రత్త ఎక్కువ కావాలి. ప్రభుత్వ పశువైద్యశాలల్లో రోజూ వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లు. గినీ పిగ్ అరుదు. ఎల్‌.ఐ. (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారైనా డాక్టరు గారైనా వాళ్ల అనుభవం వాళ్లది, కానీ కుక్కకీ మేకకీ మామూలుగా రాసే కొన్ని యాంటీబయాటిక్స్ గినీ పిగ్‌ని చంపేస్తాయి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ నోటి ద్వారా అస్సలు వద్దు. పేగులోని మేలు చేసే సూక్ష్మజీవుల్ని చంపి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం జాతిని పెరగనిస్తాయి. విరేచనాలు పట్టుకుని రోజుల్లో పోతుంది. ఈ ఆరు పేర్లూ చీటీ మీద రాసుకెళ్లి, "సార్, ఇవి దీనికి పడవండి" అని మర్యాదగా చూపించండి. డాక్టర్లు సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా లాంటివి వాడతారు, మోతాదు వాళ్లే నిర్ణయించాలి. నొప్పికి మెలాక్సికామ్ కూడా అంతే. నొప్పి తగ్గితే చాలాసార్లు తిండి దానంతటదే తిరిగొస్తుంది, కాబట్టి నొప్పి మందు అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో మనుషుల మాత్రలు మాత్రం ముట్టొద్దు.

పళ్లు గీయించడం, ఎక్స్‌రే, ఆపరేషన్ లాంటివాటికి పెద్ద ఊరు పోక తప్పదు. రాయగడ వాళ్లకి రైలు దారిలో విశాఖపట్నం దగ్గర, ఆ వైపు బరంపురం, భువనేశ్వర్. బయలుదేరే ముందు ఫోన్ చేసి "గినీ పిగ్‌కి మత్తిచ్చి దవడ పళ్లు చూస్తారా" అని సూటిగా అడగండి. "చిన్న జంతువులు చూస్తాం" అన్న జవాబు చాలదు. మత్తు ముందు రాత్రంతా పస్తు ఉంచమని కుక్కలకి చెప్పినట్టే చెప్తే గట్టిగా మళ్లీ అడగండి. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, దానికి అంత పస్తు పనికిరాదు. ప్రయాణంలో పెట్టెలో గరిక, కీరా ముక్కలు, తినిపించే సిరంజిలు మీ దగ్గరే ఉండాలి.

గడ్డి గురించి కొంత. తిమోతి ఎండుగడ్డి కొరియర్‌లో వస్తుంది, ఖరీదే. మన దగ్గర పచ్చి గరిక దానికి మంచి జోడు. ముసలిదానికి గరికని వేలెడు పొడుగు ముక్కలుగా కోసి పెడితే నమలడం తేలిక. కోసే చోటు చూసుకోవాలి. రాయగడ జిల్లాలో పత్తి వేసే ఊళ్లలో చేను గట్ల మీద గడ్డి కోయకూడదు, కలుపుమందు, పురుగుమందు దాని మీద పడి ఉంటాయి. పెరట్లో ఒక మూల గరిక పెంచుకోవడం ఉత్తమం. వరిగడ్డి కింద పరుపుగా వెయ్యడానికి సరే, తిండిగా దానిలో సత్తువ లేదు. లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ, పెద్ద వయసులో వద్దు. మునగాకు కూడా అంతే, ఎప్పుడైనా రెండు రెబ్బలు తప్ప.

విటమిన్ సి లెక్క. పొడి పూర్తి మోతాదులో పోతుంటే వేరే అక్కర్లేదు. సగం మోతాదులోనో, మామూలు తిండి మీదో ఉంటే రోజుకి 20 నుంచి 30 మి.గ్రా. అందేలా చూడాలి. చక్కెర, రంగు లేని 500 మి.గ్రా. మాత్రని నూరి 10 మి.లీ. నీళ్లలో కలిపితే ఒక మి.లీ.లో 50 మి.గ్రా. ఉంటుంది. అందులో అర మి.లీ. సిరంజితో ఇచ్చి మిగతాది పారబోయాలి, రేపటికి సత్తువ ఉండదు. తాగే నీళ్లలో కలపడం దండగ. వెలుతురుకి చెడిపోతుంది, రుచి మారి నీళ్లు తాగడం కూడా మానేస్తుంది. కాప్సికం సన్నగా చీరి రోజూ రెండు ముక్కలు పెడితే ఇంకా సులువు.

ప్యాకెట్ అందకముందే అవసరం పడితే, గింజలు, మొక్కజొన్న కలవని సాదా గినీ పిగ్ పెల్లెట్లు (గుళికల మేత) మిక్సీలో పొడి కొట్టి, టీ వడకట్టుతో జల్లించి, రెండింతల గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి పట్టొచ్చు. నాలుగైదు రోజులకి ఇది సరిపోతుంది. కుందేలు పెల్లెట్లలో విటమిన్ సి ఉండదు, మాత్ర విడిగా ఇవ్వాలి.

తిండి తిరిగి మొదలయ్యాక సిరంజి ఒక్కసారిగా ఆపొద్దు. ముందు మధ్యాహ్నపు పూట తీసెయ్యాలి. రెండు రోజులు తూకం నిలబడితే ఇంకోటి. రాత్రి పూట ఆఖరున తియ్యాలి. ఏ రోజైనా 20 గ్రాములు జారితే తీసేసిన పూట మళ్లీ పెట్టాలి. కొన్ని మరీ ముసలివి జీవితాంతం రోజుకో పూట సిరంజి మీదే ఉంటాయి. గడ్డి నములుతూ, లెండెలు బాగా పడుతూ ఉంటే అందులో తప్పేమీ లేదు.

ఆ మిగిలిన ఒక్క మార్కు ధరకీ, మన పిన్‌కోడ్‌లకి దొరకడం కష్టమైనందుకూ. దిగుమతి సరుకు కాబట్టి అమ్మేవాళ్లని బట్టి రేటు మారుతుంది, ఒక్కోసారి స్టాకే ఉండదు. కొనేముందు గడువు తేదీ ఫోటో అడగండి. ఆరు నెలలకి తక్కువ మిగిలింది చౌకగా ఇచ్చినా దాచుకోవడానికి పనికిరాదు. 141 గ్రాముల ప్యాకెట్ పూర్తి సిరంజి తిండి మీదున్న 900 గ్రాముల జంతువుకి ఆరు రోజులు వస్తుంది. విశాఖ పోయి డాక్టరుకి చూపించి రావడానికి ఆ గడువు చాలు, కాబట్టి దాచుకోవడానికి అదే కొనండి. 454 గ్రాములది పళ్ల జబ్బు ఖాయమని తేలి నెలల తరబడి నడిచేవాళ్లకి మాత్రమే. తెరిచిన ప్యాకెట్‌ని గాలి బయటికి నొక్కి మూసి, మూత బిగువైన స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. వానాకాలం తేమకి పొడి గడ్డలు కట్టి ముక్క వాసన వస్తే వాడొద్దు. డబ్బా మూత మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసి పెట్టుకోండి.